నిండుకున్న పలకలు

మొన్న పొద్దున నేను కోర్టుకు బయల్దేరుతుంటే మా ఆవిడ వంటింట్లోంచి, "ఉప్పు నిండుకుంది, వచ్చేటప్పుడు పట్టుకురండి" అని కేకేసింది. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. బియ్యం అయిపోయినా, ఉప్పు అయిపోయినా, కుంకుమ అయిపోయినా మన ఇళ్లలో 'లేదు' అనరు. నిండుకుంది అంటారు. లేదని నోటితో అంటే నిజంగానే లేకుండా పోతుందని పెద్దవాళ్ల భయం. అందరికీ తెలిసిన సంగతే. అయినా మొన్న మాత్రం ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండో చెప్పు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నెల కిందట పోయిన ఒక మనిషి కళ్ల ముందుకొచ్చాడు.

ఆయన పేరు రాయను. ఒకసారి కోర్టు కాగితాల్లో ఆ పేరు రాయించి నేను చేసిన ఉపకారం చాలు.

నేను నాయుడుపేటలో వకీలుని. గట్టు తగాదాలు, భాగాల పంపకాలు, హైవే మీద లారీ గుద్దిన కేసులు, ఇవే నా భుక్తి. మ్యూజియం కేసు నా జీవితంలో ఒక్కటే వచ్చింది. దొరవారిసత్రం దాటి సరస్సు వైపు పోతే పాతకాలపు ఉప్పు గోడౌను ఒకటి ఉంది. ఒక ట్రస్టు వాళ్లు దానికి సున్నం కొట్టించి, పడవల మ్యూజియం అని బోర్డు పెట్టారు. లోపల గోడలకు వలలు, తెడ్లు, పక్షుల ఫోటోలు. మధ్యలో నిజమైన వేట పడవ. చలికాలంలో పక్షుల్ని చూడటానికి వచ్చిన జనం, రాకెట్టు పోతుందని వచ్చిన జనం, తిరుగు దారిలో టికెట్ కొనుక్కుని, చిన్న మెట్ల మీదుగా ఆ పడవలోకి ఎక్కి ఫోటోలు దిగేవాళ్లు. అలా ఎక్కిన ఒక హైదరాబాదు అమ్మాయి, పడవ వెనక కొసన రెండు పలకలు ఊడిపోయిన చోట అడుగు వేసి కిందికి జారింది. కుడికాలి ఎముక రెండు చోట్ల విరిగింది. ట్రస్టు మీద దావా వేసింది.

నేను ట్రస్టు తరఫు వకీలుని. టికెట్లు చింపేది, పడవ చూపించేది, సాయంత్రం తాళం వేసేది అంతా ఒకే మనిషి. మాకున్న ఒకే ఒక సాక్షీ ఆయనే. ముందు స్థలం చూసి, మనిషిని చూసి వద్దామని ఒక వేసవి మధ్యాహ్నం బయల్దేరాను.

ఆయన గోడౌను వాకిట్లో నిలబడి ఉన్నాడు. పొడుగ్గా, ఎండిపోయి, అరవై దాటిన మనిషి. భుజాన తువ్వాలు. నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత తల తిప్పి చీకటిగా ఉన్న లోపలికి చూసి, "ఇద్దరు" అన్నాడు.

నేను ఒక్కణ్ణే వచ్చాను. డ్రైవరు కూడా కారులోనే ఉన్నాడు. "రెండోవాడు ఎవరయ్యా?" అన్నాను.

"లోపల ఒకరు ఉండారు సారూ. మీతో ఇద్దరు."

లోపల ఎవరూ లేరు. నేను అన్ని మూలలూ చూశాను. వకీలు బుద్ధి.

ఆయన నడక చిత్రంగా ఉండేది. సిమెంటు నేల మీద కూడా కాళ్లు ఎడంగా పెట్టి, నేల ఊగుతున్నట్టు నడిచేవాడు. పడవను ముట్టుకునే ముందు తువ్వాలుతో అరచేతులు తుడుచుకునేవాడు. అందులోంచి దిగి బయటికి వచ్చేటప్పుడు వాకిలి దాకా వెనక్కి వెనక్కి నడిచేవాడే గాని, దానికి వీపు చూపించేవాడు కాదు. ఏం, కరుస్తుందా అని నేను ఎగతాళి చేస్తే చిన్నగా నవ్వేవాడు.

మాట తీరు ఇంకా వింత. "ఇక్కడ టీ దొరుకుతుందా?" అని అడిగాను ఆ రోజు.

"టీ నిండుకుంది సారూ."

"పోనీ సోడా?"

"అదీ నిండుకుంది. మంచినీళ్లు ఉండాయి, తెస్తా."

"నీ దగ్గర అన్నీ నిండుగానే ఉన్నాయే" అన్నాను. ట్రస్టు ఆఫీసు వాళ్లు ఫోన్ చేసి కరెంటు ఉందా అంటే, "వస్తాది" అనేవాడు. మేనేజరు ఉన్నాడా అంటే, "బయట ఉండాడు" అనేవాడు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు పుట్టలేదు అని ట్రస్టు వాళ్లు చెప్పారు. ఆమె ఎలా పోయిందని నేను అడిగితే, "దేవుడి కాడ ఉండాది" అని ఊరుకున్నాడు. ఇదంతా వయసు మీద పడిన మనిషి ఛాదస్తం అనుకున్నాను.

పడవ ఎక్కి చూశాను. వెనక కొసన చుక్కాని పట్టేవాడు కూర్చునే పీట ఉంది. దాన్ని అమరం అంటారు. పీటకు ముందు రెండు పలకలు లేవు. ఆ సందులోంచి పడవ అడుగు కనిపిస్తోంది. అడుగున నీళ్లు ఉన్నాయి. జానెడు లోతు ఉంటాయి. అది మే నెల. చినుకు పడి నెలలయింది. పైన రేకుల కప్పు, కింద సిమెంటు దిమ్మ. వంగి వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు కషాయం.

"ఉప్పు పీల్చిన కొయ్య సారూ, చెమ్మ కక్కుతాది. దినామూ పొద్దున తోడిపోస్తా" అన్నాడు ఆయన కింది నుంచి. నాకు ఆ సమాధానం సబబుగానే తోచింది. కొయ్య చెమ్మ కక్కుతుంది. కానీ జానెడు కక్కుతుందా అని తర్వాత ఎప్పుడో అనిపించింది.

బయట గోడ నీడలో బెంచీ మీద కూర్చుని ఆయన చెప్పేది రాసుకుంటున్నాను. లోపల చప్పుడయింది. రేకు డబ్బా కొయ్యకు రాసుకుంటున్న చప్పుడు. తర్వాత నీళ్లు పారబోసిన చప్పుడు. కాసేపు ఆగి మళ్లీ. నా పెన్ను ఆగిపోయింది. ఆయన తల కూడా తిప్పలేదు.

"ఎవరది?" అన్నాను.

"గాలి సారూ."

ఎదురుగా సరస్సు మీద గాలి జాడే లేదు. గట్టున రెల్లు దుబ్బు కదలటం లేదు. ఆయన చంటిపిల్లల్ని ఊరడించే గొంతుతో, "పొద్దున నేను సగమే తోడినా" అన్నాడు. లేచి లోపలికి పోయి చూసి ఉండాల్సింది. పోలేదు. భయపడ్డాను, అంతే.

ఆ భయంలోనే ఈ పడవ సంగతేమిటని అడిగాను, ఆయన చెప్పాడు. ఆ పడవ ఆయనదీ ఆయన తమ్ముడిదీ. ఇరవై రెండేళ్ల కిందట ఒక రోజు ఆయనకు జ్వరం. తమ్ముడు ఒక్కడే సరస్సు మొగ దాటి సముద్రం మీదికి వేటకు పోయాడు. నాలుగో నాడు పడవ తనంతట తనే ఒడ్డుకు వచ్చింది. బోల్తా పడలేదు, పగల్లేదు. వల మడత పెట్టినట్టే ఉంది. అడుగున నీళ్లు మాత్రం ఉన్నాయి. తమ్ముడి జాడ తెలియలేదు. ఆ పడవను మళ్లీ ఎవరూ నీళ్లలోకి దించలేదు. మ్యూజియం వాళ్లు అడిగితే ఇచ్చేశాడు.

"పడవతో బాటు నన్ను గూడా తీసుకున్నారు" అన్నాడు.

"మరి నిండుకుంది, నిండుకుంది అని ఈ గోలంతా ఏమిటి?"

"మా ఇండ్లల్లో వేటకు పోయినోడు తిరిగొచ్చి ఒడ్డు తొక్కేదాకా ఆ మాట అనం సారూ. అంటే ఆడ సముద్రం మీద ఉండేటోడికి తగులుతాది."

ఏ మాటని అడగబోయి ఆగాను. నాకు అర్థమయింది. "ఎన్నాళ్లు అనరు?"

"వచ్చేదాకా."

"ఇరవై రెండేళ్లా?"

"వేట పెద్దదైంది సారూ" అన్నాడు. ఏడేళ్లు జాడ తెలియకపోతే చట్టం మనిషిని పోయినట్టే లెక్కేస్తుందని నా తెలివి చూపించాను. "చట్టానికి తొందరెక్కువ సారూ" అన్నాడు.

అప్పుడే ఒకావిడ క్యారియరు పట్టుకుని వచ్చింది. ఆ తమ్ముడి భార్య. ఆయనకు మరదలు. యాభైకి దగ్గర పడుతున్న మనిషి, నుదుట రూపాయంత బొట్టు, చేతులనిండా గాజులు. క్యారియరు బెంచీ మీద పెట్టి, "మజ్జిగ నిండుకుంది బావా, చారు పోసినా" అంది. వాకిలి దాకా పోయి లోపలి పడవ వైపు ఒక్కసారి చూసి, గడప దాటకుండానే తిరిగి వెళ్లిపోయింది. ఆ ఇద్దరూ ఒక్క ఇంట్లో ఇరవై రెండేళ్లు ఆ మాట అనకుండా రోజులు నెట్టుకొచ్చారు. తమాషాగా నేనూ ఒకరోజు ప్రయత్నించాను. పొద్దున కాఫీ తాగే లోపల మూడుసార్లు అన్నాను.

ఇక కేసు సంగతి. "ఆ అమ్మాయితో ఏమని చెప్పావు, సరిగ్గా చెప్పు" అని అడిగాను.

"అమరం కాడ పలకలు నిండుకున్నాయమ్మా అని చెప్పినా సారూ. ఎక్కకముందే చెప్పినా."

నేను తల పట్టుకున్నాను. బియ్యం నిండుకున్నాయంటే ఏ ఊరి పిల్లకైనా తెలుస్తుంది. పలకలు నిండుకున్నాయంటే పలకలు నిండుగా పరిచి ఉన్నాయి కాబోలు, హాయిగా నడవచ్చు అనుకుంటుంది. పాపం ఆ పిల్ల అలాగే అనుకుంది. ఆయన హెచ్చరించాడు, ఆమె విన్నది. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడటం లేదు.

చట్టం ఏమంటుందో నాకు తెలుసు. టికెట్ తీసుకుని మనిషిని లోపలికి పిలిచినవాడు, ఆ మనిషి అడుగు పెట్టే ప్రతి చోటుకూ పూచీ పడాలి. ప్రమాదం ఉన్న చోట అడ్డం కట్టాలి, బోర్డు పెట్టాలి. ఆయన ట్రస్టు వాళ్లను పలకలు అడిగాడట, తాడు అడిగాడట. చూద్దాం అన్నారట. ఆ సంగతి ఎక్కడా అనొద్దని నేనే చెప్పాను. మాకు మిగిలిన దారి ఒక్కటే. మా మనిషి పలకలు లేవని స్పష్టంగా హెచ్చరించాడు, ఆమే ఖాతరు చేయలేదు అని నిరూపించాలి. అందుకు ఆయన బోనెక్కి, నిండుకున్నాయంటే లేవని అర్థం అని నోరు తెరిచి చెప్పాలి.

ఆయన ఒప్పుకోలేదు. "అది మాత్రం నా చేత అనిపించొద్దు సారూ" అన్నాడు. చేతులు జోడించాడు. నేను ట్రస్టు పెద్దమనిషికి ఫోన్ చేస్తే, కేసు పోతే ఆ దరిద్రప్పడవను తీయించి పారేస్తాం అన్నాడు ఆయన. ఆ మాటను నేను ఉన్నదున్నట్టు మోసుకెళ్లి ఈయన ముందు పెట్టాను. పెట్టాలని తెలిసే పెట్టాను. నువ్వు ఆ ఒక్క మాట అనకపోతే పడవ పోతుంది అన్నాను. ఆ మాట అంటే తమ్ముడు పోతాడు, అనకపోతే తమ్ముడు తిరిగొచ్చి కూర్చునే చోటు పోతుంది. ఆయన అరచేతులు తువ్వాలుతో తుడుచుకుంటూ కూర్చుని, చివరికి "వస్తా సారూ" అన్నాడు.

ముందు ఆ అమ్మాయి సాక్ష్యం. ఆయన్నీ రమ్మన్నాను, మరదలూ తోడొచ్చింది గాని, సాక్షి కాబట్టి ఆయన్ను బయట చింతచెట్టు కింద ఉండమన్నారు. అమ్మాయి కర్ర ఊతంతో బోనెక్కింది. నెమ్మదైన పిల్ల. పలకలు నిండుకున్నాయన్న మాట విన్నానని దాచకుండా చెప్పింది. నాకు సంతోషమైంది. తర్వాత ఇలా అంది.

"నేనూ నా స్నేహితురాలూ ఇద్దరమే వెళ్లాం. మెట్లు ఎక్కుతుంటే ఆయన వెనక నుంచి 'ముగ్గురు' అని లెక్కపెట్టారు. మూడో మనిషి ఎవరా అని చూశాను. పడవ చివర పీట మీద ఒకాయన కూర్చుని ఉన్నారు. తడిసిన బనీను వేసుకుని, కాళ్లు కిందికి పెట్టుకుని. ఆయన కాళ్లు పెట్టుకున్నారు కదా, అక్కడ పలకలు ఉంటాయిలే అని అటు అడుగు వేశాను."

ఆమె వకీలు కుర్రవాడు, చురుకైనవాడు, గబగబా లేచి, నొప్పిలో ఏదో భ్రమ పడి ఉంటుంది, అది రికార్డు చేయనవసరం లేదన్నాడు. నాకూ అభ్యంతరం లేదన్నాను. ఆ మాట కాగితం మీదికి ఎక్కలేదు.

బయటికి వస్తే చింతచెట్టు కింద ఆయన లేచి నిలబడ్డాడు. "ఏం చెప్పింది సారూ ఆ పాప?" అని అడిగాడు.

ఆ మనిషి ఇరవై రెండేళ్లుగా ఎదురు చూస్తున్న కబురు నా నోట్లో ఉంది. అది చెబితే ఆయన ఇక బోనెక్కి నాకు కావలసిన మాట అనడు. "కాలు నొప్పి సంగతి చెప్పింది" అన్నాను. ఫైలు చంకలో పెట్టుకుని వచ్చేశాను. నేను చేసిన పాపాల్లో పెద్దది ఏదంటే ఇదే చెబుతాను.

నెల తర్వాత ఆయన వంతు వచ్చింది. ఉతికిన పంచె కట్టుకుని, మరదలితో కలిసి బస్సులో వచ్చాడు. బోనులో కూడా కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. అవతలి వకీలు మొదలుపెట్టాడు.

"పలకలు నిండుకున్నాయంటే, ఉన్నాయనా?"

"నిండుకున్నాయంటే నిండుకున్నాయనే సార్."

జనం నవ్వారు. "ఉన్నాయా, లేవా? రెండింట్లో ఒకటి చెప్పు."

న్యాయమూర్తి పెన్ను కింద పెట్టి, కోపంగా కాదు, "పెద్దాయనా, నిండుకున్నాయి అని నేను రాసుకుంటే రేపు చదివేవాళ్లకు అర్థం కాదు. ఉన్నాయో లేవో నీ నోటితో చెప్పు" అన్నాడు.

ఆయన నా వైపు చూశాడు. నేను తల ఊపాను.

"లేవు."

అక్కడికి నా పని అయిపోయింది. కానీ ఆ కుర్రవాడు వదల్లేదు. "ఇద్దరు ఆడపిల్లలు పోతే ముగ్గురు అని లెక్కపెట్టావట. మూడో మనిషి ఎవరు?"

"నా తమ్ముడు సార్."

"ఎక్కడ ఉంటాడు?"

"వేటలో ఉండాడు."

"సముద్రం మీద ఉన్నవాడు మ్యూజియంలోకి ఎట్లా వచ్చాడు?"

కుర్రవాడు న్యాయమూర్తి వైపు తిరిగి, ఇలాంటి మతి చలించిన మనిషి చేతిలో సందర్శకుల ప్రాణాలు పెట్టారండీ అన్నాడు. మా సాక్షి పిచ్చివాడని తేలితే మా కేసు అక్కడే కూలిపోతుంది. చెడింది సరిచేసుకోవటానికి తిరిగి ప్రశ్నించే అవకాశం నాకు ఒకటి ఉంది. నేను లేచాను.

"సూటిగా చెప్పు. ఆ పడవలో ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు" అన్నాడు.

అక్కడ ఆగాల్సింది. నా వకీలు నోరు ఆగలేదు. "మరి మీ తమ్ముడు?"

ఆయన ఏదో అన్నాడు. టైపిస్టుకు వినపడలేదు, మళ్లీ చెప్పమన్నాడు. ఆయన బోను కర్రను రెండు చేతులతో పట్టుకుని, గట్టిగా, అందరికీ వినపడేట్టు, "లేడు" అన్నాడు.

కిందికి దిగి నా దగ్గరికి వచ్చి, "సరిపోయిందా సారూ?" అని అడిగాడు. ఎగతాళి కాదు. నిజంగానే అడిగాడు. సరిపోయిందన్నాను.

సరిపోలేదు. మేము ఓడిపోయాం. నోటిమాటగా చెప్పటం వేరు, తాడు కట్టటం వేరు అని తీర్పు వచ్చింది. జనాన్ని పిలిచినవాళ్లు చోటు భద్రంగా ఉంచాలి, ఆ బాధ్యతను గేటు దగ్గరి ముసలాయన మాట మీదికి నెట్టి తప్పించుకోకూడదు అని ఉంది అందులో. న్యాయమైన తీర్పు. నేను ఆ కుర్చీలో ఉన్నా అదే రాసేవాణ్ణి. తాడు ముక్కతో పోయే దానికి ఆయన చేత ఆ మాట అనిపించాను. ఇంకా దారుణం ఏమిటంటే, పడవ తీయించి పారేస్తామన్న ట్రస్టు పెద్దమనిషి ఆ ఊసే ఎత్తలేదు. ఆ రోజు ఏదో చిరాకులో అన్నాడట.

తీర్పు వచ్చిన వారానికి మ్యూజియానికి పోయాను. పడవ చుట్టూ కొత్త తాడు కట్టారు, ఎక్కరాదు అని బోర్డు పెట్టారు. ఆయన వాకిట్లోనే ఉన్నాడు. నన్ను చూసి, తల తిప్పి లోపలికి చూసి, "ఒక్కరే సారూ" అన్నాడు.

నేను తాడు కిందుగా దూరి పడవ ఎక్కాను. అడుగు పొడిగా ఉంది. అంచుల్లో తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. బయట వానలు పడుతున్న రోజులవి. కొయ్య అప్పుడే నెరలు విచ్చటం మొదలుపెట్టింది.

"తోడే పని తప్పింది" అన్నాడు ఆయన. "కోర్టు నించి వచ్చిన తెల్లారి చూస్తే పొడిగా ఉండాది. అప్పట్నించి చుక్క లేదు."

ఆ మాట ఆయన నోట మామూలుగా దొర్లిపోయింది. అందరిలాగే లేదు అన్నాడు. నడక కూడా మారింది. కాళ్లు దగ్గరగా పెట్టి నడుస్తున్నాడు. ఎవరైనా గట్టున నడిచే మనిషిలాగే ఉన్నాడు. ఆ అమ్మాయి చూసింది అప్పుడైనా చెబుదామని నోటిదాకా వచ్చింది. ఇప్పుడు చెబితే ఏమవుతుంది, ఉన్నవాణ్ణి లేడన్నానని కుమిలిపోతాడు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మళ్లీ ఆ వైపు పోలేదు.

రెండేళ్లు గడిచాయి. పోయిన నెల కబురు వచ్చింది. మధ్యాహ్నం క్యారియరు తెచ్చిన మరదలే మొదట చూసిందట. బెంచీ లోపలికి వేసుకుని, పడవకు వీపు పెట్టి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట.

పదకొండో రోజు ఆ ఇంటికి వెళ్లాను. రెండు గదుల ఇల్లు, ముందు షామియానా. భోజనాలు అయిపోయి జనం పలచబడ్డారు. ఆవిడ నాకు కుర్చీ వేసి, గ్లాసుతో మంచినీళ్లు ఇచ్చింది. నుదుట బొట్టు అలాగే ఉంది. నేను ఏదో ఒకటి అనాలి కాబట్టి, ఆయన చాలా మంచివాడమ్మా అన్నాను.

"కోర్టు నించి వచ్చినాక నా మొకం చూసింది లేదు సార్" అంది. "రెండేండ్లు తల వొంచుకునే అన్నం తిన్నాడు. నాకు తెలవదనుకున్నాడు."

"నీకు తెలుసా?"

"ఆ రోజు వరండాలో కిటికీ కాడ నిలబడుకోనున్నా. ఆయన అనింది విన్నా. రెండోసారి గట్టిగా అనింది గూడా విన్నా. విన్నానని తెలిస్తే ఆయన బతకడు సార్. అందుకని బొట్టు పెట్టుకుంటానే ఉన్నా, గాజులు ఏసుకుంటానే ఉన్నా. ఏమీ తెలవనట్టు."

నేను గ్లాసు కింద పెట్టాను. ఇప్పుడైనా చెప్పకపోతే మనిషిని కానని, "అమ్మా, ఒక సంగతి దాచాను. అంతకు నెల ముందు ఆ హైదరాబాదు అమ్మాయి..." అన్నాను.

"అదీ విన్నా సార్" అంది ఆవిడ. "ఆ పొద్దు గూడా ఆ కిటికీ కాడే ఉన్నా. తడిబనీను. అమరం మీద కూసోనుండాడని. మా ఆయన వేటకు పోయిన పొద్దు బనీనుతోనే పోయినాడు."

బావకు ఎందుకు చెప్పలేదని అడగటానికి నాకు అర్హత లేదు. ఆవిడే చెప్పింది.

"చెప్తే బావ ఆ మాట అనేటోడు కాదు. ఇంకో ఇరవై ఏండ్లు అనేటోడు కాదు. మీకు కేసు కోసరం కావాల. నాకు గూడా కావాల్సొచ్చింది సార్. నా వల్ల కాలా. ఎవురో ఒకరు అంటే బాగుండునని మొక్కుకున్నా. దేవుడు మీ చేత అనిపించినాడు." కొంగుతో మొహం తుడుచుకుని, "బావ ఒకడే అనింది చాల్లా. పెండ్లాన్ని నేను అనాల. ఏడేండ్లు దాటితే ఏదో కాయితం ఉంటాదంట గదా, కోర్టులో పెట్టేది. రాయండి. నేను బోనెక్కి చెప్తా" అంది.

ఆలోచించుకో అమ్మా, తొందరేముంది అన్నాను. ఆవిడ నా వైపు చూడలేదు. షామియానా అవతల, గోడౌను ఉన్న వైపు చూస్తోంది.

"ఎన్నేండ్లని కూసోబెడతాం సార్ ఆ మనిషిని ఆడ? కాళ్లు తిమ్మిరెక్కి ఉంటాయి. దిగి పొమ్మని నేనే గదా చెప్పాల" అంది.